నానో, నాను

నల్లబల్ల మీద “నానో” అని రాశాను.
“నాను కాదు మాస్టారూ, ఆడే!”
పక్కవాణ్ణి ముందుకు తోశాడు ముద్దాడ తవిటేసు,
ఏ దొంగతనమో బయటపడిందనుకుని.
పొందూరు హైస్కూలు, ఎనిమిదో తరగతి, బి సెక్షను.
నవ్వు ఆగేసరికి పిరియడ్లో పావు వంతు పోయింది.

నాకు మాత్రం ఎంత తెలుసని?
శ్రీకాకుళంలో మూడు రోజుల శిక్షణ.
తెర మీద రంగు రంగుల బొమ్మలు.
చూసినట్టే అనిపించింది. చూడలేదు.
చివరి రోజు గుత్తొంకాయ మాత్రం గుర్తుంది.

అందుకే కత్తెర తెచ్చాను.
అడుగుకి అంగుళం తక్కువ కాగితం ముక్క.
సగానికి కొయ్యండి, ఒక సగం పారేయండి,
మిగిలినదాన్ని మళ్లీ సగానికి.
ఇరవై ఎనిమిది కోతలు కోస్తే నానో.

ఐదో కోత దాకా పందెం.
ఎనిమిదో కోతకి నాలుకలు పళ్ల మధ్యకి వచ్చాయి.
పదో కోతకి
కత్తెరకి కాగితం కనబడలేదు.
ఎవరో తుమ్మారు.
మూడు బెంచీల సైన్సు ఎగిరిపోయింది.
“ఇంకా పద్దెనిమిది” అన్నాను,
అప్పు వసూలుకొచ్చినవాడిలా.

బూర నీలవేణి లేచింది.
“కత్తెరతో అవదు మాస్టారూ.
మా మామ్మ సేప దవడతో సేత్తాది.”
మర్నాడు తెచ్చింది నిజంగానే,
పాత గుడ్డలో చుట్టి, వాలుగ దవడ.
దువ్వెన కూడా సిగ్గుపడే పళ్లు.
దాంతో దువ్విన పత్తి
అరచేతిలో ఉందో లేదో
అరచేతికే తెలియడం లేదు.

మా బడికి మైక్రోస్కోపు ఒక్కటే.
అద్దం పగిలింది, కటకానికి బూజు.
కిటికీ వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి చూపించాను
ఒకే ఒక్క నూగు.
“ఎండిపోయిన మెరపకాయ తొడిమ నాగుంది” అన్నాడు తవిటేసు.
మెలి తిరిగిన రిబ్బను అని పుస్తకంలో ఉంది.
వాడిదే బాగుంది.

“దీని అడ్డం పదిహేను వేల నానోలు, అటూ ఇటూ.”
“అయితే మా మామ్మ సేసేది నానోయేనా?”
అవునందామని నోటిదాకా వచ్చింది.
ఆ పిల్ల కళ్లు అలా ఉన్నాయి.
“కాదమ్మా. ఇంకా చాలా మెట్లు కిందకి దిగాలి.”
దవడని గుడ్డలో చుట్టేసుకుంది.
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మధ్యాహ్న భోజనం చేతులు కడిగే చోట
నీళ్లు నిలిచి చేమ మొలిచింది.
ఆకొకటి తెంపి, చెంబుడు నీళ్లు పోశాను.
నీరు ముత్యాలై దొర్లిపోయింది, ఆకు తడవలేదు.
“కంటికి నున్నన.
కిందకి దిగితే గుట్టలు,
గుట్టల మీద మైనపు ముళ్లు, నానోల కొలతలో.
నీటిబొట్టుకి కూర్చోవడానికి చోటు లేదు.”

నీలవేణి ఆకు వదల్లేదు.
“వానల్లో మా నూలు సెమ్మెక్కిపోతాది మాస్టారూ.
నూలుకి ఈ ఆకు బుద్ధి నేర్పొచ్చా?”
“నేర్పుతున్నారు, ఎక్కడో.”
“ఎక్కడో అంటే?”
రాజధానుల పేర్లు చెప్పాను, విదేశాల పేర్లు చెప్పాను.
ఒక్కటీ ఆమె ఆకు మీద నిలబడలేదు.

హెడ్మాస్టరు గుమ్మంలోంచే అడిగారు:
“ఇది పరీక్షకి వస్తుందా?”
రాదండి, అన్నాను.
అయినా ఆయన చేమాకు మీద ఒక చుక్క వేసి చూసి వెళ్లారు.

ఇంకో ఐదు నిమిషాలు మిగిలాయి.
“గోళ్లు చూసుకోండి.
సెకనుకి ఒక్క నానో పెరుగుతాయి, సుమారుగా.”
నలభై రెండు మంది తలలు వంచారు.
ఆ తరగతిలో అంత నిశ్శబ్దం
నేనెప్పుడూ వినలేదు.
“నాను పెరుగుతన్నాను మాస్టారూ!”
తవిటేసు గుసగుస, తనలో తనకే.

నీలవేణి మాత్రం తన గోరు చూడలేదు.
“మా మామ్మ బొటనేలికి గోరు సగమే ఉంది.
నూలు అరగదీసేసింది.
సెకనుకి ఎన్ని నానోలు అరిగుంటాది?”

గంట కొట్టారు.
ఎవరూ లేవలేదు.
నాకు తెలియదు.
తెలియదనే చెప్పి, ఆ ప్రశ్ననే
బల్ల మీద రాశాను, ఇంటిపని అని,
వాళ్లకీ, నాకూ.