బ్యారన్ కాడ వినదగ్గవి

మాలాద్రీ,
ఈ రాత్రికి బ్యారన్ నీది.
కంట్లో శుక్లం తీయించుకోను ఒంగోలు పోతున్నా.
పది రోజులు పొగ తగలకూడదన్నారు,
నాకు మూడే వినపడ్డాయి.
తుమ్మ మొద్దులు పొయ్యి పక్కన పేర్చా.
అగ్గిపెట్టె చూరులో ఉంది.
ఫోను నీకే వదిలిపోతున్నా,
చార్జరు వైరు మెలి తిప్పి పట్టుకుంటేనే ఎక్కుద్ది.

నువ్వు కునుకు తీస్తే ఆకు నల్లబడుద్ది.
కునుకు తీయనియ్యని గొంతులు కొన్ని చెప్తా.
పాడ్‌కాస్టులంటారు వీటిని,
రేడియో లాంటివే కానీ
మనం మొద్దు వేసొచ్చిందాకా ఆగుతాయి.

మొదటి రాత్రి వేడి తొంభై అయిదు దాటనీకు.
ఆకు తన పచ్చదనం మరిచిపోయే వేళ,
తొందరపెట్టకూడదు.
అప్పుడు అద్దంకి మేష్టారిది పెట్టుకో,
చుక్కల గురించి చెప్తాడు.
రిటైరైనా బెల్లు కొట్టందే మొదలుపెట్టడు.
ఆయన వాక్యానికీ వాక్యానికీ మధ్య
నిప్పు ఎగదోసి వచ్చి కూర్చోవచ్చు,
ఏమీ పోదు.
మృగశిర ఎక్కడుందో చెప్పినాక
బయటికొచ్చి తలెత్తి చూశా.
ఆ మూడు చుక్కల్నీ
మా అమ్మ గొల్లకావడి అనేది.
ఆ మాట ఆయన అనలేదు.
ఎవరన్నా చెప్తే బావుండు.

హంతకుల కథలు చెప్పేవాడొకడున్నాడు,
గొంతు తగ్గించి, అడుగుల చప్పుడు పెట్టి.
పనోడే.
కానీ వినబాక.
పోయినేడు వాడి అయిదో భాగంలో
మామని చంపింది అల్లుడో పాలవాడో తేలేలోపు
ఆకు జారి గొట్టం మీద పడింది.
ముప్పై కర్రలు బూడిద.
పాలవాడేనంట.
ఇంత ఖరీదు పెట్టి ఆ సంగతి తెలుసుకున్నోణ్ణి
జిల్లాలో నేనొక్కణ్ణే.

సేద్యం చెప్పే కుర్రోడి జోలికీ పోబాక.
పది నిమిషాల్లో నాలుగుసార్లు
మందుడబ్బా పేరెత్తుతాడు.
కొండపి వేలంలో
చెక్కు మీద చెయ్యి కూడా వెయ్యకుండా దాటిపోయే
బయ్యరు గుర్తొస్తాడు నాకు.

నెల్లూరు పిల్లకాయలిద్దరున్నారు,
టీకొట్టు ముందే రికార్డు చేస్తారేమో,
గ్లాసులు కడిగే చప్పుడు మాట మీదెక్కుద్ది.
కారం దోశ మీద గంటన్నర తగువు!
రెండో రాత్రి రెప్పలు బరువెక్కే
మూడింటికి దాచుకో.
ఆకు అల్లే ఆడోళ్లు పగలు అడిగితే
స్టీలు చెంబులో ఫోను నిలబెట్టు,
బావిలోంచి పిలిచినట్టు అందరికీ వినపడుద్ది.
బూతులొస్తే ఖాసింబీ
చెంబు మీద చెయ్యి మూసిద్ది,
తను విన్నాక.

ఇంక అసలుది.
పాకలలో ఒకామె, పేరు చెప్పదు.
వాళ్లత్తను కూర్చోబెట్టి అడుగుద్ది,
ఏ గాలికి ఏ చేప, ఏ అలకి ఏ పేరని.
ముసలామె సగం చెప్పుద్ది, సగం తిట్టుద్ది.
ఏడే ఏడు భాగాలు.
అయిదోదాని కింద పదకొండు మంది విన్నట్టు చూపిచ్చుద్ది,
అందులో నాలుగు నేనే అనుకుంటా.

ఆ అయిదోది విను.
మాట అయిపోయినాక ఆపడం మరిచిపోయింది.
తొమ్మిది నిమిషాలు
గిన్నెలు తోమిన చప్పుడు,
పలక పగిలిందని ఎవరో పిల్లోడి ఏడుపు,
గోడకవతల సముద్రం.
మధ్యలో ఒకసారి
ఎవరూ లేరనుకుని ముక్కు చీది
"సరే" అంది.
ఏది సరేనో చెప్పలేదు.
వేడి నూట అరవై కాడ
ఈనెలారే రాత్రి నేను అది పెట్టుకుంటా.
రెండేళ్లయింది, ఎనిమిదోది రాలేదు.
అత్త పోయిందేమో.
ఫోనే పోయిందేమో.

నచ్చితే అయిదు చుక్కలు నొక్కమంటారందరూ.
ఎన్నోసార్లు నొక్కా.
నలభై ఏళ్ల ఆకు జిగురు ఈ వేళ్లకి,
తెర నన్ను మనిషి కింద లెక్కెయ్యదు.
అందుకే నోటితో చెప్పిపోతున్నా.
నీ వేళ్లింకా తెల్లగా ఉన్నాయి,
పాకలామెకి నా తరపున నొక్కు.

నాలుగింటికి అద్దంలోంచి వేడి చూసి
కింది కర్రది ఒకాకు లాగి ఈనె విరువు.
టప్పుమనాలి.
వంగిందా,
ఇంకో మొద్దు వెయ్యి,
ఇంకో భాగం పెట్టు.