మైకు వీపు

మూడు రోజులు మైకు వీపుకే పాడాను.
గోనెసంచిలో కట్టి బావిలో దించినట్టు
వచ్చేది నా గొంతు.
నాలుగో రోజు, దాన్ని అమ్మిన కుర్రాడు లేవాన్
ఫోన్లో నవ్వాపుకోలేక చెప్పాడు:
"జుజునా అత్తా, ముద్ర ఉన్న వైపు దాని ముఖం."
నలభై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసినదాన్ని,
సూది కన్ను ఎటు తిరిగుందో చీకట్లో తడిమి చెప్పగలదాన్ని.
సిగ్గేసింది.

కుతాయిసిలో తొమ్మిదంతస్తుల మేడ ఇది.
మా లిఫ్టు నాణెం వేస్తేగాని కదలదు.
ఎవరెక్కినా నా పాటలో టంగుమని ఒక బిళ్ల.
అందుకని ఆ సరంజామా అంతా తీసుకుని
బట్టల అలమరలో దూరాను,
చలికోట్ల మధ్య, కలరా ఉండల ఘాటులో.
ఎంబ్రాయిడరీ చట్రానికి పాత మేజోడు బిగించి
మైకు ముందు కట్టాను,
'ప' అన్నప్పుడల్లా టపాకాయ పేలకుండా.

ఎర్ర గుండ్రం నొక్కితే రికార్డు.
నొక్కాను. నోరు పెగల్లేదు.
పెళ్లిళ్లలో మూడొందల మంది ముందు పాడిన నోరు.
తెర మీద గీత సాగిపోతూనే ఉంది,
నా మౌనాన్ని మూరలు వేసి కొలుస్తూ.

పాడాక ఇంకో తంటా.
నేనన్న ముక్క రెప్పపాటు ఆలస్యంగా చెవుల్లోకొస్తుంది,
వెనకాల నిలబడి ఎవరో వెక్కిరిస్తున్నట్టు.
బఫర్ తగ్గించమన్నాడు లేవాన్.
తగ్గిస్తే కాలిన పెనం మీద నీళ్లచుక్కల చిటపట,
పెంచితే మళ్లీ వెక్కిరింత.
రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది సరైన చోటు,
మిషను దారం బిగువులాగే.
ఇది మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదు.

మా పాటకి మూడు గొంతులు కావాలి.
లమారా ఇటలీలో ఎవరి తల్లికో చెంచాతో సూపు పడుతోంది.
ఎతేరి ఏడో అంతస్తు, సరిగ్గా నా నెత్తి మీద.
పదకొండేళ్లు మాటల్లేక.
కారణం అడక్కండి.
ఒక పెళ్లిలో ముందు ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర మొదలై
తిరిగివ్వని రేగుపళ్ల పులుసు జాడీ దగ్గర ఆగింది.
జాడీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సరే, మూడూ నేనే అనుకున్నాను.
మొదటి గీత మీద అడుగు గొంతు,
అది నాదే, బండరాయిలా కూర్చుంది.
రెండో గీత మీద లమారా పై గొంతు,
అరువు తెచ్చుకున్న చెప్పుల్లో నడిచినట్టు, ఎలాగో.
మూడోది నడిమిది. ఎతేరిది.
ముప్పై ఏళ్లు చెవి పక్కనే విన్నాను,
నోరు తెరిస్తే మాత్రం
కిందికో పైకో జారిపోతుంది.
నాలుగుసార్లు పాడి నాలుగుసార్లు చెరిపేశాను.
అయిదోసారి మధ్యలోనే ఆపి,
గుండ్రాన్ని ఆర్పడం కూడా మర్చిపోయి
కోట్లకి జారబడి కూర్చుండిపోయాను.

రాత్రి పెట్టుకుని విన్నాను.
నేను ఆపేసిన చోట
గీత చదునుగా ఉండాలి కదా.
లేదు. చిన్న చిన్న గుట్టలు.
శబ్దం పెంచాను.
ఫ్రిజ్ గుర్రు. లిఫ్టు. ఒక బిళ్ల.
ఇంకా పెంచాను.
అలమర వెనక గాలిగొట్టంలోంచి
సన్నగా, చిరాగ్గా,
"ఇలా ఏడవాలే, ఇలా" అన్నట్టు
నడిమి గొంతు,
నేను జారిన చోట జారకుండా
చివరి చరణం దాకా.

ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది.
రొద ఏదో చూపించు, తుడిచేస్తానంటుంది.
ఫ్రిజ్‌ని చూపించాను. తుడిచింది.
ఇంకేమైనా ఉందా అన్నట్టు
బాణం గుర్తు కొట్టుకుంటూ నిలబడింది.
లేదన్నాను.

రేపు అలమర ఒక జానెడు జరపాలి.
మైకు ముఖం గొట్టం వైపు తిప్పి పెడతాను.
నేను వీపుకే పాడతాను,
అలవాటేగా.