రెండో బెజ్జం

మొదలు ధర చూసిన.
తర్వాత రంగు చూసిన.
అది ఏం పని చేస్తదో
ఆఖరుకు అడిగిన.

సత్వాల సంగీతం సామాన్ల దుకాణం.
కౌంటర్ వెనుక త్రిశ్శూరు పిలగాడు జిజో
నా అంగి మీది డక్టు దుమ్ము చూసి
ఏసీ రిపేరుకు వచ్చిన్ననుకొని
పైకప్పు దిక్కు వేలు చూపెట్టిండు.
కాదు తమ్మీ,
పాట కంప్యూటర్‌లకు పోవాలె.
దానికొక డబ్బా ఉంటదట గదా.

ఒక్క బెజ్జందైతే రెండు వందల నలభై దిర్హాములు.
రెండు బెజ్జాలదైతే నాలుగు వందల పది.
"నీకు నోరు ఒక్కటే గదా" అన్నడు హిందీల.
నిజమే.
నలభై ఎనిమిది వోల్టుల బటన్ చూపెట్టి
"మైకుకు ఈ కరెంటు తాపకుంటె అది వినదు" అన్నడు.
మా ఫోర్‌మన్ కూడ గంతే,
చాయ్ తాపకుంటె వినడు.

మాట నోట్లెకెల్లి పోయి
తిరిగి చెవిల పడేదాంక ఒక సందు ఉంటదట.
కార్డు గీకి ఇంటికి ఫోన్ చేసిన దినాలల్ల
నా హలో నాకే వచ్చి తగిలేది,
దాని మీద వాళ్ళ హలో ఎక్కి తొక్కేది.
ఇద్దరం ఒక్కపాలే ఆగేటోళ్ళం,
ఒక్కపాలే అందుకునేటోళ్ళం.
"అయిదారు మిల్లీసెకండ్లు దాటొద్దు" అన్నడు జిజో.
నేను వేళ్ళు లెక్కవెట్టుకున్న,
ఏం లెక్కవెడుతున్ననో నాకే తెల్వకుంట.

కొనలే.
వాడే బయటిదాంక వచ్చి చెప్పిండు:
"పాతది తీసుకో. కాని తీగ ఏదీ గుచ్చకుంట
గుండీ నిండుగ తిప్పి విను.
ఖాళీగున్నప్పుడు ఎంత మొత్తుకుంటదో చూసి కొను."
మనుషులకు కూడ ఈ పరీక్ష పెట్టొచ్చు,
పెడితె మా రూంల ఎవ్వడు మిగలడు.

రోడెల్ వీసా క్యాన్సిల్ కొట్టుకొని పోతున్నడు.
మంచం, అన్నం కుక్కర్, ఈ డబ్బా
అన్నీ నేల మీద పరిచి అమ్ముతున్నడు.
హెడ్‌ఫోన్ పెట్టుకొని గుండీ తిప్పిన.
ఆవాలు వెయ్యకముందు
కాగుతున్న నూనెకుండే సప్పుడు, గంతే.
రెండు బెజ్జాలు. నూట ఎనభై.
మొదటిదాని కింద తెల్ల టేపు మీద తన పేరు,
రెండోదాని కింద నెస్టర్.
ఎవరు నెస్టర్ అంటె
"గిటార్" అన్నడు.
తీగ మాత్రం నాకంటె నున్నగ చుట్టి ఇచ్చిండు.

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది,
ఆరుగురం, ఆగస్టు నెల.
పన్నెండేండ్ల సంది మందికి ఏసీలు నడిపిచ్చుడే నా పని,
నా పాటకు అడ్డమొచ్చింది అదే.
బంద్ చెయ్యాలె అన్న.
సాయిలు గడియారం చూసి
"మూడు నిమిషాలు" అన్నడు,
"నాలుగో నిమిషం పాటా వద్దు, నువ్వూ వద్దు."
పాట మూడున్నర.
ఒక చరణం కోసేసిన.
మంచిదే తెగింది. అది ఇప్పటికీ
డక్టులల్ల పండుకొని పాడుకుంట,
ఆడ నా గొంతు నాకే పెద్దమనిషి గొంతు లెక్క వినవడ్తది.

ఊరికి తీసుకపోదామని కొన్న పులిబొమ్మ దుప్పట్లు
ప్లాస్టిక్ కవరు చింపి నెత్తి మీద కప్పుకున్న.
ఏసీ ఆగింది.
ఈ గదికి ఇన్ని సప్పుళ్ళున్నయని
ఎవ్వలకూ తెల్వదు ఇన్నేండ్లు:
నల్లా చుక్క,
నైటు డ్యూటీ చేసి పండుకున్న ముమినుల్ గురక,
పక్క రూంల ఎవడో ఉల్లిగడ్డ తరిగేది.
చెమట కండ్లల్ల కారుతుంటె పాడిన.
రెండో చరణానికి
ఎన్నడు నోరు తెరవని రాజమల్లు
కింది మంచం మీదికెల్లి మెల్లగ కూనిరాగం తీసిండు,
తప్పు సుర్తిల.
మైకు పట్టేసింది.

రోడెల్ పేరున్న టేపు గోరుతోని గీకి తీసేసిన.
రెండోది తియ్యలే.
ఆ బెజ్జంల ఏం లేదు, గుండీ సున్న మీదున్నది,
దుమ్ము పడకుంట అప్పుడప్పుడు ఊదుత.

పాట చివర
సాయిలు స్విచ్ వేసింది కూడ పడ్డది.
కొయ్యలే.
వానాకాలం బస్సు లెక్క దగ్గి, గుంజుకొని, అందుకుంటది చూడు,
ఆ ఏసీ బాగు చేసింది నేనే.