చదరపు అడుగు లెక్కన

హన్మకొండ చౌరస్తా ఎనుక గల్లీల
పదమూడేండ్లసంది ఫ్లెక్సులు కొడుతున్న.
నా కీబోర్డు మీద అన్నిటికంటె ఎక్కువ అరిగింది
స్వర్గమే.

పొద్దున పదిగంటలకు మడికొండ దిక్కు ప్లాట్ల సారు,
"భూతల స్వర్గం, హైవేకు ఐదే నిమిషాలు."
ఆ జాగల నిరుడు పత్తి ఉండె.
పగటీలి పెండ్లి ఫ్లెక్సు,
స్వర్గంల కుదిరిన జంట అని రాయిస్తరు.
కుదిర్చిన పేరయ్యేమో కమీషన్ కోసం
నా దుకాణం ముంగటనే చాయ్ తాగుకుంట కూసుంటడు.
పొద్దుగూకినంక వైకుంఠ రథం డ్రైవరు,
ఫోన్ నంబరు మారింది, కొత్త స్టిక్కర్ కావాలె.
అన్నిటికి ఒకటే ధర,
చదరపు అడుగుకు పదిహేను రూపాలు.
చావైతే ఉద్దెర అడగరు.

మా ఉస్తాద్ యాకూబ్ సాబ్ కుంచెతోని రాసేటోడు.
గోడ మీద స్వర్గం రాస్తే
గ పక్కన వలపలగిలకను
తలుపు గొళ్ళెం లెక్క వంచేటోడు.
"జన్నత్ అను, సర్గమను,
గొళ్ళెం మాత్రం లోపటికెల్లే బేటా" అని నవ్వేటోడు.
ఇప్పటి ఫాంట్లల్ల ఆ గొళ్ళెం లేదు.
ర కింద గ యాలాడుతది,
ఒక్కోపారి తెగి పక్కకు పడుతది.
స్తకు ఒత్తు ఉంటదా ఉండదా అని
ఒక రిటైర్డ్ పంతులు గంటసేపు తగాద వెట్టుకోని
బిల్లుల యాభై కోసుకున్నడు.

మా అమ్మ నోట్ల అది సర్గమే, ఏ ఒత్తు లేదు.
కరెంటు పోయిన రాత్రి
గచ్చు మీద నీళ్ళు సల్లుకోని పండుకుంటే సర్గం.
నాట్లేసి వచ్చి కాళ్ళు బార్ల జాపితే సర్గం.
నేను కంప్యూటర్ నేర్సుకుంటనన్ననాడు మాత్రం
ఉట్టికెగరలేనమ్మ సర్గానికెగిరిందట అన్నది.

మొన్న వానాకాలం, షట్టర్ గుంజే యాల్లకు
రాయపర్తి దిక్కుకెల్లి ఒకామె వచ్చింది, కనుకవ్వ.
కొంగుముడిల మొగని ఆధార్ కార్డు.
మార్క ఓదెలు, గౌండ్లాయన.
తాటిచెట్టు మీదికెల్లి పడి వారం.
అలవాటున ఫైలు తెరిచిన:
నీలి మబ్బులు, మబ్బులల్ల మెట్లు, మీద వెలుగు,
కింద తయారుగ ఉన్న అక్షరాలు.
"ఏం రాసున్నది బిడ్డా?"
స్వర్గస్తులైనారు, అని సదివిన.

ఆమె చానసేపు ఆ మెట్లనే చూసింది.
"పైకెల్లి కిందవడ్డోన్ని
పైకి పోయిండని ఎట్ల రాస్తవు?"

ఫ్యాను సప్పుడు తప్ప ఏం లేదు.

"దినాం రెండుపార్లు పోయొచ్చేటోడు
నీ సర్గం కాడికి.
ఆడ గాలి మస్తుంటదట.
మా ఇల్లు అగ్గిపెట్టె లెక్క కనవడేదట,
నేను వాకిట్ల నిలవడితే గుర్తువట్టేటోడట.
అంత మంచిగుంటే ఆడనే ఉండరాదూ అంటే
కల్లు దించకపోతే తాగేటోల్లు ఊకుంటరా అనేటోడు."

మెట్లు తీసెయ్యమన్నది.
ఆయనకు మెట్లెందుకు, మోకు ఉండంగ.

కోసేసిన. ఆ జాగల ఓ చెట్టు వెట్టిన.
"ఇది ఈతచెట్టు" అన్నది.
మల్ల వెతికిన.
అక్షరాలు చెరిపేసినంక
ఏం కొట్టాల్నో తోచలే.
పదమూడేండ్లల్ల ఆ ఖాళీని ఎన్నడు చూల్లే,
కర్సర్ కొట్టుకుంటనే ఉన్నది.

ఆమెనే చెప్పింది,
పక్కింటోల్లకు జవాబిచ్చినంత అల్కగ:
"చెట్టు దిగిండు. అని రాయి."

మూడు బై నాలుగు, పన్నెండడుగులు.
పైసలు ఎంచిచ్చి, సరిపోయినయా అని రెండుపార్లడిగింది.
చుట్టిన ఫ్లెక్సు సంకల వెట్టుకోని
ఆఖరి బస్సుకు ఉరికింది.

తెల్లారి మల్ల ప్లాట్ల సారు.
భూతల స్వర్గం, ఫేజు రెండు.
ఫొటోల తాటిచెట్లు అడ్డమున్నయి,
కనవడకుంట చెయ్యమన్నడు.

తొమ్మిది ఉండె.
ఎనిమిది తీసిన.