సగం కప్పు

గుదైబియాల దర్జీ దుకాణం పైన అన్నరు.
మొదటి శుక్రవారం గల్లీ దొరకలే.
రెండో వారం దొరికింది,
మెట్ల కాడి దాకా పోయి
పక్క దుకాణంల బ్లేడ్లు కొనుక్కొని
వాపసొచ్చిన.

మూడోసారి ఎక్కిన.
పదకొండో అంతస్తుల
ఇనుప పైపుల మీద నడిచేటోన్ని,
పద్దెనిమిది మెట్లకు మోకాళ్ళు వణికినయి.

లోపల తొమ్మిది కుర్చీలు,
ఒక ఏసీ, దాని కింద బకెట్.
కూసున్నోళ్ళల్ల ఒకాయన
మా క్యాంపు బస్సు నడిపే పఠాన్.
ఆయన నన్ను చూసిండు,
నేను బకెట్‌ను చూసిన.
నేపాలీ పిల్లగాడెవరో
చెల్లె పెండ్లి పైసలు తాగిన సంగతి
చెప్పుకుంట చెప్పుకుంట ఆగిండు.
బకెట్ల చుక్కలు పడ్డ చప్పుడు.

పౌలోసని మలయాళీ ముసలాయన
చాయ పోసిండు.
అందరికీ నిండ పోసి
నాకు సగమే పోసిండు.
కొత్తోడంటే గింతేనా అనుకున్న.
కప్పు చేతికొచ్చినంక తెలిసింది,
సగమైతే ఒలకదని.
గీ చేతులు ఆయనకు కూడ
ఎప్పుడో ఉండెనని.

నా వంతొచ్చింది.
హిందీ గొంతుల ఇరుక్కున్నది.
"నీ బోలీల చెప్పు" అన్నడు పఠాన్.
నా పేరు రాజేశం, అన్న.
తాగుడు నన్ను ఇడుస్తలేదు, అన్న.
అక్కడ తెలుగు ఒక్కరికీ రాదు.
అందరూ తలకాయలూపిండ్రు.

గురువారం రాత్రి కూడ తాగక
శుక్రవారం ఇంటికి ఫోన్ చేసుడు
ఎనిమిదేండ్లల్ల ఇదే మొదలు.
సత్తెవ్వ శానసేపు ఇన్నది.
"గొంతు ఏందో వేరేగున్నది,
సర్ది చేసిందా?"

చేసిందన్న.
వచ్చే శుక్రవారం దాకా
సర్దే అనుకోనీ.