సున్నా రేకు

బండి పెట్టినందుకు ఇరవై రూపాయలు అడిగినాడు పిల్లోడు.
నేను నిలబడింది గోలు గీత మీదని వానికి తెలీదు.
చెప్తే ఇంకో పది అడుగుతాడేమో.

గుంతకల్లు, లోకోషెడ్డు వెనక,
నీళ్ల ట్యాంకుకు తూర్పున
రైల్వే హాకీ మైదానం ఇదే.
గడ్డి మీద ఆడతారని మేము బొమ్మల్లో చూసినాం.
మాది ఎర్రమట్టి, పైన ఇంజన్లు దులిపిన బూడిద.
కుళ్లాయప్ప పేడనీళ్లు చల్లి రోలరు లాగితే
జొన్నలు నూర్చే కళ్లంలా గట్టిపడేది.

గ్యాలరీ అంటే పదకొండు మెట్లు,
పట్టాల కింద పనికిరాని
మీటరుగేజి స్లీపర్లు.
ఎండకు తారు కరిగి లాగూ వెనక నల్లచార పడేది.
ఇస్కూలు ఎగ్గొట్టిన సంగతి
మా అమ్మకు ఆ చారే చెప్పేది.

మ్యాచి నాలుగింటికని బోర్డు మీద రాసేవాళ్లు.
ధర్మవరం ప్యాసింజరు వస్తే గాని మొదలయ్యేది కాదు,
లెఫ్ట్ హాఫ్ సుంకన్న ఆ బండికే గార్డు.
పచ్చజెండా చంకలో పెట్టుకుని దిగి
దాన్ని నా చేతికిచ్చి, బూట్లు విప్పి
ఉత్తకాళ్లతో లోపలికి పోయేవాడు.
డ్రైవర్ మెర్విన్ ముఖం కడుక్కునేవాడు కాదు.
బొగ్గుమసిలో రెండు కండ్లు, ఒక కర్ర,
కుడి అంచున అతను ఉరికితే
పదకొండు మెట్లూ లేచి నిలబడేవి.

నాకప్పుడు పదేండ్లు. అంకెలు మార్చడం నా పని.
పాత స్టేషను బోర్డు వెనక నల్లరంగు పూసి
మేకులకు రేకులు తగిలించేది.
తొమ్మిది రేకు లేదు,
ఆరునే తలకిందులు చెయ్యమన్నారు.
ఆ అవసరం ఒక్కసారే పడింది,
హుబ్లీ వాళ్లు వచ్చిన రోజు.
మాకు కాదు, వాళ్లకు.
తొమ్మిదోసారి వలలోంచి బంతి తీసి
అంగీకి తుడిచి మాబుసాబు అన్నాడు:
"ఇంటికొచ్చిన చుట్టాలురా, ఎట్ల కాదంటాం?"

తర్వాత పట్టాలు వెడల్పు చేస్తామన్నారు.
రెండు నెలలకే అని చెప్పి
మధ్యగీతకు అవతల కంకర పోసినారు.
మిగిలిన సగంలో ఏడుగురేసి ఆడినాం.
బంతి కుప్పకు తగిలితే ఫ్రీ హిట్ అని
మేమే ఒక రూలు రాసుకున్నాం.
రెండు నెలలు పదకొండేండ్లయినాయి.
ఆడేవాళ్లకు ట్రాన్స్‌ఫర్లు వచ్చినాయి,
మెట్లు ఒకటొకటే నీళ్లపొయ్యిల్లోకి పోయినాయి.
చలికాలం తెల్లవారుజామున తారుపొగ వాసన పట్టి
ఎవరింట్లో మూడో మెట్టు కాలుతోందో
వీధంతా పసిగట్టేది.

కుళ్లాయప్ప రిటైరైనా
శనివారం సాయంత్రం సున్నం డబ్బాతో వచ్చేవాడు.
కంకరకుప్ప అడ్డమొస్తే దాని చుట్టూ వంకరగా గీసి
మళ్లీ నేరుగా సాగేవాడు.
"ఎవరాడతారు మామా?" అంటే
"ఆడేది మీ పని, గీసేది నా పని" అనేవాడు.

ఒక శనివారం గీతలు పడలేదు.
మైదానం పోయింది ఆ రోజే అని నా లెక్క.
కాగితాల్లో వేరే తేదీ ఉంటుంది.

బోర్డు పాత ఇనుముకు పోతుంటే
నేను సున్నా ఒక్కటే అడిగి తెచ్చుకున్నా.
అన్నిటికంటే ఎక్కువ పని చేసింది అదే,
మేకు రంధ్రం అరిగి అరిగి
రెండో సున్నా అయింది.
ఇప్పుడు మా ఇంట్లో నీళ్లకాగు మీద మూత.
గాలికి గలగలమంటే
ఎవరో గోలు కొట్టినట్టు నిద్రలో చేయి లేస్తుంది,
మార్చడానికి.

పిల్లోడు అట్టముక్క టోకెను ఇచ్చినాడు.
ఆరో, తొమ్మిదో, కింద గీత లేదు.
"ఎటు పట్టుకోవాలప్పా దీన్ని?" అని అడిగినా.
"ఎటు పట్టుకున్నా బండి అదే కదా పెద్దాయనా,
పక్కకు జరుగు, వెనక కారు వస్తాంది."