మంచు కదిలిన తేదీలు

గవర్నర్‌పేటలో ప్రెస్సు. మెట్ల కింద నా టైపు కేసు.
డెబ్బై ఎనిమిదిలో ఒక పుస్తకం వచ్చింది కంపోజింగుకి.
రష్యాలో ఎక్కడో మీల్కా అనే ఏటి ఒడ్డు తాలూకా,
దాని నేల, దాని నీళ్ళు, దాని పూర్వం.
నలభై ఎనిమిది పేజీలు.

ఊళ్ళ పేర్లన్నీ స్క, స్క, స్క.
మూడో ఫారానికే కావత్తులు అయిపోయాయి.
పక్క సందులో సుభానీ దగ్గర గుప్పెడు అప్పు తెచ్చాను,
ఆ వారం వాడికి రెండు శుభలేఖలు ఆగాయి.

కుడి గట్టు ఎత్తు, ఎడమ గట్టు పల్లం అని ఉంది.
ఎత్తున రై చేలు, పల్లాన గడ్డీ అవిసే.
ముందు మునిగేది ఎవరో రాయలేదు గానీ
మాది పెసర్లంక, నాకు ఒకరు చెప్పాలా.

గుడిని గాదె చేశారట, గాదెని బడి చేశారట.
యుద్ధానికి నూట పన్నెండు మంది వెళ్ళారు.
అక్కడ వాక్యం ఆగిపోయింది,
తర్వాతి పేరా పాల దిగుబడి.

చివర ఒక పట్టీ:
ఏట్లో మంచు పగిలి కదిలిన తేదీలు,
నలభై ఏళ్ళవి, బల్లకట్టు సరంగు రాసిపెట్టినవి.
ఏరు గడ్డకట్టడమేమిటో, పగిలితే ఎలా మోగుతుందో తెలియక
ఆ రాత్రి బ్యారేజీ మీద నిలబడ్డాను.
గేట్ల కింద కృష్ణ మామూలుగానే గొణుగుతోంది.

మా నాన్నా రాసేవాడు, కాగితం మీద కాదు.
పశువుల పాక నిట్రాడికి కత్తిగాటు,
వరద ఎంత ఎక్కితే అంత ఎత్తున.
ఒక గాటు నా తలకంటే పైన.
అది ఏ ఏడాదిదని అడిగితే దూడని విప్పడానికి లేచేవాడు.

మొన్న బుడమేరు సింగ్‌నగర్లోకి వచ్చినప్పుడు
ఆ పుస్తకం మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంది.
ఒక్కో కాగితం దండెం మీద వేసి ఆరబెట్టాను.
మనవరాలు హంసిని ఫోనులో వెతికి
"ఆ తాలూకా లేదు తాతా, పక్కదాన్లో కలిపేశారు" అంది.
ఐతే ఏం. మా లంక నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా,
ఇప్పుడు బాపట్ల అంటున్నారు.
ఏటికైతే ఎవరూ ఉత్తరం వేసినట్టు లేదు.

ఒకటుంది, నలభై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.
ఆ పట్టీలో ఒక వరసలో
ఏప్రిల్ ముప్పై ఒకటి అని పేర్చాను. నిద్రమత్తు.
ప్రూఫు చూసినాయన పట్టలేదు, మాస్కో పట్టలేదు.
ఏటా ఆ నెలాఖరున గుర్తొస్తుంది:
లేని రోజున అక్కడ మంచు కదులుతుంది,
సరంగు బల్లకట్టు తాడు విప్పుతాడు.